సందెవేళ తడుముకొను బిడ్డ

ప్రొద్దు గ్రుంకిన తరువాత, ఇంట దీపము వెలుగుటకు ముందు, ఒక చిన్న వ్యవధి కలదు. మేతకు పోయిన పసులు ఇండ్లకు మరలు వేళ అది. ఆ మసక వెలుతురులో పెద్దలకు అన్నియు కనబడుచునే యుండును. కాని అంతవరకు వీధిలో తోడిపిల్లలతో పరుగులెత్తిన మూడేండ్ల బిడ్డ యొకడు ఉన్నట్టుండి ఆట విడిచి గోడ ప్రక్కన చతికిలబడును. తల్లి పిలిచినచో, గొంతు వినవచ్చిన దెసకు చేతులు చాచి తడుముకొనుచు వచ్చును. గడప తగిలి బోర్లపడును. కంచములో అన్నము ఎచ్చట నున్నదో వ్రేళ్లతో వెదకుకొనును. మరునాడు తెల్లవారగానే వాడు మరల అందరి పిల్లల వంటివాడే. పగలు ఏ లోపమును కానరాదు గనుక ఇంటివారు దానిని అంతగా పట్టించుకొనరు.

దీనిని మనవారు రేచీకటి యనిరి. సంస్కృత వైద్యులు నక్తాంధ్యమనిరి. ఇండొనీషియా పల్లెలలో దీనిని 'బూతా ఆయమ్' అందురు. ఆయమ్ అనగా కోడి. చీకటి పడగానే కోడికి చూపు ఆనదు గనుక ఆ పేరు. ఇన్ని భాషలలో ఇన్ని పేర్లు పుట్టుటయే ఈ వ్యాధి బీదల ఇండ్లకు ఎంత పరిచితమో తెలుపుచున్నది. మందు సైతము పురాతనమైనదే. సుమారు మూడున్నర వేల యేండ్ల నాటి ఈజిప్టు వైద్యగ్రంథము కంటిజబ్బునకు పశువు కాలేయమును చెప్పినది. మన సుశ్రుత సంహిత మేక కాలేయమును చెప్పినది.

అయినను ఇన్ని శతాబ్దములును దీనిని అందరు కంటికి సంబంధించిన జబ్బుగనే ఎంచిరి. సందెవేళ తడుముకొను బిడ్డ గ్రుడ్డితనమునకే కాక మృత్యువునకును చేరువలో నున్నాడను సత్యము రుజువైనది ఇరువదవ శతాబ్దపు చివరి పాతికేండ్లలోనే. ఆ రుజువు ఎట్లు కలిగినది, ఎంతవరకు నిలిచినది, దాని ఆధారముతో నేడు పిల్లల నోట వేయుచున్న చుక్కల మందును గూర్చి శాస్త్రజ్ఞుల మధ్య సాగుచున్న వాదమెట్టిది—ఇవి పిల్లలు గల ప్రతి యింటివారును తెలిసికొనదగిన సంగతులు. ఈ కథలో మన హైదరాబాదునకును ముఖ్యమైన పాత్ర కలదు.

కన్ను చెప్పు సంగతి

కంటి లోపలి పొరలో రోడాప్సిన్ అను ఒక వర్ణద్రవ్యము కలదు. మసక వెలుతురులో చూచుటకు అదియే సాధనము. అది తయారగుటకు 'ఏ' విటమిను కావలెను. ఆ విటమిను కొరవడినప్పుడు మొదట పోవునది సందెచూపు. తరువాత తెల్లగ్రుడ్డుపై తడి తగ్గి, సబ్బునురుగు వంటి మచ్చలు తేలును. వీనిని ఫ్రెంచి వైద్యుని పేరిట బిటాట్ మచ్చలందురు. అప్పటికిని మేలుకొననిచో నల్లగ్రుడ్డుపై గల స్వచ్ఛమైన పొర యెండి, మెత్తబడి, కరగిపోవును. అటుపిమ్మట ఏ వైద్యుడును చూపును తిరిగి ఈయజాలడు.

అయితే 'ఏ' విటమినుతో పని గలది కన్నొక్కటియే కాదు. ఊపిరి గొట్టముల లోపల, ప్రేగుల లోపల, మూత్రమార్గమున ఒక మెత్తని తడిపొర కలదు. రోగక్రిములను లోనికి రానీయక ఆపు గోడ అది. ఈ విటమిను లేనిచో ఆ గోడ బీటలువారును; తడి ఆరిపోవును. శరీరపు రోగనిరోధక శక్తియు క్షీణించును. అప్పుడు బలమైన బిడ్డకు నాలుగు దినములలో నయమగు విరేచనములు ఈ బిడ్డకు ప్రాణాంతకమగును. తట్టు పోసినచో అంతకంటెను ప్రమాదము. ఏలయన తట్టు శరీరములో మిగిలియున్న కొద్దిపాటి నిల్వను సైతము త్వరితముగా హరించివేయును. కన్ను ఇంటికి కిటికీ వంటిది. కిటికీ తలుపు ఊడినదని అందరును చూచిరి. లోపలి గోడలు కూలుచున్నవని చాలకాలము ఎవరును చూడలేదు.

పాలుగల దేశములో చూపులేని పిల్లలు

ఒకరిద్దరు చూడకపోలేదు. మొదటి ప్రపంచయుద్ధ కాలమున డెన్మార్కు దేశములో బ్లాక్ అను పిల్లల వైద్యుడు కోపెన్‌హాగెన్ ఆసుపత్రికి కన్నులెండి వచ్చు పసివాండ్ర సంఖ్య పెరుగుటను గమనించెను. ఆ దేశము పాడికి పుట్టినిల్లు. కాని వెన్న విదేశములకు ఎగుమతి యగుచుండెను. బీదవారి పిల్లలకు వెన్న తీసిన పాలు, గంజి, చౌకరకపు మార్గరిన్ మాత్రమే దక్కుచుండెను. ఆ పిల్లలు చూపు పోగొట్టుకొనుటే గాక సులువుగా రోగములపాలై చనిపోవుచుండిరని కూడ ఆయన వ్రాసెను. యుద్ధము ముదిరి, వెన్నను దేశములోనే పంచుట మొదలైన తరువాత ఆ వ్యాధి దాదాపు అంతరించెను. ఊరినిండ ఆవులున్నను ఇంటిలోని బిడ్డకు చుక్క దక్కనిచో ఫలమేమి? ఈ ప్రశ్న డెన్మార్కునకు మాత్రమే చెందినది కాదు.

1913లో అమెరికాలో మెక్‌కాలమ్, డేవిస్ అను శాస్త్రజ్ఞులు వెన్నలోను గ్రుడ్డుసొనలోను ఎదుగుదలకు అవసరమైన ఒక పదార్థము కలదని కనుగొనిరి. అదే తరువాత 'ఏ' విటమిను అయినది. 1932లో లండను ఆసుపత్రిలో ఎలిసన్ అను వైద్యుడు తట్టు సోకిన 600 మంది పిల్లలను రెండు భాగములు చేసి, 300 మందికి ఈ విటమిను గల కాలేయతైలము నిచ్చెను. ఈయని 300 మందిలో 26 మంది మరణించిరి. ఇచ్చిన 300 మందిలో 11 మంది మరణించిరి. ఇంత స్పష్టమైన ఫలితము అచ్చులో వెలువడియు అర్ధశతాబ్దము మరుగున పడియుండెను. తరువాత వచ్చిన క్రిమిసంహారక ఔషధముల వెలుగులో ఆ పాతనూనె మాట ఎవరికిని గుర్తురాలేదు.

జావాలో లెక్క తప్పిన పిల్లలు

ఆ మాటను మరల వెలికిదెచ్చినవాడు ఆల్‌ఫ్రెడ్ సోమర్ అను అమెరికను నేత్రవైద్యుడు. ఆయన 1970 దశాబ్దిలో ఇండొనీషియాకు పోయినది గ్రుడ్డితనమును గూర్చి పరిశోధించుటకే. పశ్చిమ జావాలోని ఆరు గ్రామములలో సుమారు 3,500 మంది పసిపిల్లలను ఆయన బృందము మూడు నెలల కొకసారి చొప్పున పదునెనిమిది నెలలు పరీక్షించినది. పసివాండ్ర సందెచూపును కొలుచుటకు యంత్రములు పనికిరావు. కనుక వారు తల్లులనే అడిగిరి: మీ బిడ్డకు బూతా ఆయమ్ ఉన్నదా? తల్లులు చెప్పినది రక్తపరీక్షల ఫలితములతో సరిపోయినది.

1982 చివర స్వదేశములో ఆ లెక్కలను తిరుగవేయుచుండగా సోమర్‌కు ఒక వింత తోచినది. రేచీకటి గల పిల్లలు రానురాను లెక్కనుండి తగ్గిపోవుచున్నారు. వారు ఊరు విడిచి పోలేదు, మరణించిరి. చూపు సరిగానున్న పిల్లలతో పోల్చినచో రేచీకటియో బిటాట్ మచ్చలో గల పిల్లలు సగటున నాలుగు రెట్లు ఎక్కువగా మరణించిరి. కొన్ని వయస్సులలో అది ఎనిమిది మొదలు పన్నెండు రెట్ల వరకు నుండెను. కంటి లక్షణము ముదిరినకొలది మరణములును పెరిగినవి. 1983లో ఈ సంగతి 'లాన్సెట్' వైద్యపత్రికలో ప్రకటింపబడెను. లోకము పెద్దగా చెవినిడలేదు. ఒక్క విటమిను లోపము అంతమందిని చంపునా యని పలువురు సంశయించిరి. బీదరికమే రెండింటికిని మూలము కావచ్చును గదా అనిరి. ఆ సంశయము న్యాయమైనదే.

దానికి సమాధానము సుమత్రా దీవికి ఉత్తరాగ్రమున నున్న అచే రాష్ట్రములో దొరకినది. 450 గ్రామములను ఏ పక్షపాతమును లేకుండ రెండుగా విభజించిరి. 229 గ్రామములలో ఒకటి మొదలు ఐదేండ్ల పిల్లలకు ఆరునెలల కొకసారి 2 లక్షల యూనిట్ల 'ఏ' విటమిను గుళిక నిచ్చిరి. తక్కిన 221 గ్రామములకు ఒక సంవత్సరము తరువాత ఇత్తుమనిరి. ఏడాది గడచునప్పటికి, మందు అందని ఊళ్లలో వేయిమంది పిల్లలకు 7.3 చొప్పున మరణించిరి. అందిన ఊళ్లలో 4.9 చొప్పున మరణించిరి. అనగా మరణములలో మూడవవంతు తగ్గినది. 1986లో వెలువడిన ఈ ఫలితము వైద్యలోకమును నిద్రలేపినది. ఒక్కొక్క గుళిక ఖరీదు కొద్ది అమెరికను సెంట్లు మాత్రమే.

తిరుచిరాపల్లి ఒక మాట, హైదరాబాదు మరొక మాట

అచేలో ఒక లోటు కలదు. మందు అందని ఊళ్లకు పోలికకై వట్టి గుళిక నైనను ఈయలేదు. కనుక ఇతర దేశములలో గట్టి పరీక్షలు ఆరంభమైనవి. 1990లో తమిళదేశమున తిరుచిరాపల్లి ప్రాంతమునుండి ఒక ఫలితము వచ్చినది. అచ్చట పదునైదు వేలకు పైగా పిల్లలు పరీక్షలో నుండిరి. ఆరునెలలకు ఒక పెద్దమోతాదునకు బదులు వారము వారము చిన్నమోతాదు నిచ్చిరి. మరణములు 54 శాతము తగ్గినవి. నేపాలు దేశపు సర్లాహీ జిల్లాలో 30 శాతము తగ్గినవి. ఆఫ్రికాలో ఘానా ఉత్తరభాగమున 19 శాతము తగ్గినవి. దక్షిణాఫ్రికాలో కేప్‌టౌన్ ఆసుపత్రిలో తీవ్రమైన తట్టుతో చేరిన 189 మంది పిల్లలలో 12 మంది మరణించగా, వారిలో 10 మంది విటమిను అందనివారే. ఎలిసన్ నాటి మాట ఇన్నేండ్లకు నిలిచినది.

ఆ 1990లోనే హైదరాబాదునుండి వేరొక మాట వినవచ్చినది. అచ్చటి జాతీయ పోషకాహార సంస్థ సామాన్యమైనది కాదు. 1918లో కూనూరులో మెక్‌కారిసన్ ఆరంభించిన చిన్న పరిశోధనశాల నానాటికి పెరిగి 1958లో హైదరాబాదునకు తరలివచ్చినది. పెద్దమోతాదు 'ఏ' విటమిను ఒకసారి ఇచ్చినచో కాలేయములో నిల్వయుండి నెలల తరబడి కన్నును కాపాడునని హైదరాబాదు చుట్టుపట్ల పల్లెలలో పరీక్షించి చూపినవారిలో ఆ సంస్థవారు అగ్రగణ్యులు. వారి కృషి పునాదిగనే 1970లో భారత ప్రభుత్వము పిల్లలలో పోషకాహార లోపపు అంధత్వమును నివారించు పథకమును చేపట్టినది. అట్టి సంస్థకు చెందిన విజయరాఘవన్ ప్రభృతులు మన పల్లెలలో సుమారు పదునైదు వేల పిల్లలపై, ఒక వర్గమునకు విటమిను, మరొక వర్గమునకు వట్టి ద్రవము నిచ్చి చూచిరి. రెండు వర్గములలోను మరణములు దాదాపు సమానముగనే నుండెను.

ఇది పలువురకు రుచింపలేదు. ఆ ఊళ్లకు పరిశోధకులు తరచు వచ్చి పోవుచుండుటచే వైద్యసహాయము ముందుగనే అంది యుండునని కొందరనిరి. అచ్చటి పిల్లలలో లోపము అంత తీవ్రము కాదని మరికొందరనిరి. కాని ఆ ఫలితమును దాచక ప్రకటించిన వారిని మెచ్చుకొనవలెను. తాము పెంచిన మొక్కయే కదా యని దాని ఫలమును తీపిచేసి చూపలేదు.

సగటు అంకెల వెనుక

1993లో టొరాంటోకు చెందిన బీటన్ మొదలగువారు అన్ని పరీక్షలను కలిపి చూచి, ఆరునెలలు దాటిన పిల్లలలో మరణములు 23 శాతము తగ్గునని తేల్చిరి. దానితో ఐక్యరాజ్యసమితి సంస్థలు ఈ పనిని ప్రపంచవ్యాప్తము చేసినవి. ఏడాది నిండని వారికి నీలపు గుళిక, నిండిన వారికి ఎర్ర గుళిక. కొన కత్తిరించి నోటిలో పిండుట. పోలియో చుక్కల దినమున చాల దేశములలో ఇదియు కలిసి నడచినది.

తరువాత మన దేశములోనే ఉత్తరప్రదేశ్‌లో 1999 మొదలు 2004 వరకు అంగన్‌వాడీల ద్వారా సుమారు పది లక్షల పిల్లలతో ఒక మహాపరీక్ష జరిగినది. అంత పెద్దది అంతకుముందు లేదు. 2013లో వెలువడిన దాని ఫలితము: మరణములు తగ్గినది కేవలము 4 శాతము, అదియు యాదృచ్ఛికము కావచ్చును. మందు నిజముగా బిడ్డల నోటికి చేరెనా యని విమర్శకులు అడిగిరి. చేరినదని నిర్వాహకులు బదులు చెప్పిరి. ఈ పరీక్షను కూడ చేర్చి 2017లో కాక్రేన్ సమీక్షకులు లెక్కించగా సగటు తగ్గుదల 12 శాతముగ వచ్చినది. అప్పుడే పుట్టిన శిశువుల కిచ్చుటవలన లాభము కానరానందున ప్రపంచ ఆరోగ్య సంస్థ దానిని వలదన్నది.

ఏభై నాలుగు, ముప్పది, ఇరువది మూడు, పన్నెండు, నాలుగు—ఏది సత్యము? ఇది విటమినుకును విటమినుకును మధ్య కలహము కాదు. అచేలో 1980 నాటి బిడ్డకు తట్టు టీకా అరుదు, ఆసుపత్రి దూరము, తిండి బియ్యము మాత్రమే. టీకా వేసికొని, విరేచనములైనప్పుడు ఉప్పు-చక్కెర ద్రావణము త్రాగి, అప్పుడప్పుడు గ్రుడ్డు తిను బిడ్డకు ఆ చుక్కలు చేయవలసిన పని తక్కువ. మందు ఎంత కాపాడునను ప్రశ్నకు జవాబు మందులో లేదు. ఆ బిడ్డకు అంతకుముందు ఏమేమి అందలేదో అందులో కలదు. 1990లో ప్రపంచమున ఐదేండ్లలోపు పిల్లలు ఒక కోటి ఇరువది లక్షలకు పైగా మరణించిరి. 2022లో ఆ సంఖ్య 49 లక్షలు. ఈ నడుమ లోకము మారినది. కాని అన్ని ఊళ్లలోను సమానముగ మారలేదు.

వాదము, దాని వెల

ఇక మన దేశములోని వాదము. ఇచ్చట తొమ్మిదవ నెలలో ఒక లక్ష యూనిట్లు, తరువాత ఐదేండ్లవరకు ఆరునెలల కొకసారి 2 లక్షల యూనిట్లు—మొత్తము తొమ్మిది మోతాదులు—ఇచ్చుట పద్ధతి. 2016–18 నడుమ జరిగిన జాతీయ పోషకాహార సర్వేలో చిన్నపిల్లలలో ఈ లోపము సుమారు 18 శాతముగ తేలినది. తీవ్ర సమస్యకు ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన గుర్తు 20 శాతము. కనుక అందరికిని పెద్దమోతాదు లిచ్చుట మాని, అవసరమైన చోటులకు పరిమితము చేయవలెనని కొందరు పోషకాహార శాస్త్రజ్ఞులు కోరుచున్నారు. 1970 నాటి పథకము రూపొందినప్పుడు హైదరాబాదు సంస్థకు అధిపతియైన డాక్టరు గోపాలన్ తన వార్ధక్యమున ఈ పక్షమునే వహించెను. మొదట కంటిని కాపాడుటకై, కొంతకాలమునకని తలపెట్టినది, తిండికి బదులుగ శాశ్వతమై నిలుచుట ఆయనకు సమ్మతము కాలేదు. ఆయన 2019లో నూరేండ్ల ప్రాయమున కీర్తిశేషుడైనాడు.

ఈ పక్షమునకు బలము లేకపోలేదు. ఈ విటమిను కాలేయములో పేరుకొనును గనుక మోతాదు మించినచో వాంతులు, తలనొప్పి కలుగును. పసివాని మాడు ఉబ్బును. 2001 నవంబరులో అస్సాములో చుక్కలు వేసిన పిమ్మట పలువురు పిల్లలు అస్వస్థులై, కొన్ని మరణములు సైతము దానికి ఆపాదింపబడి పెద్ద వివాదమైనది. రెండు మిల్లీలీటర్ల చెంచాకు బదులు పెద్దకప్పులు వాడిరన్నది అభియోగము. సులభమైన మందు అజాగ్రత్తను సహించునని భావింపరాదు.

అయినను రెండవ పక్షమును తోసిపుచ్చరాదు. దేశపు సగటు 18 శాతమైనను కొన్ని రాష్ట్రములలో అది అంతకు రెట్టింపునకు పైబడియున్నది. సగటు తగ్గినదని చుక్కలు ఆపినచో, మొదట నష్టపోవునది సగటులో కానరాని బిడ్డ: కొండపల్లెలోనిది, ఇటుకబట్టీ దగ్గరిది, తల్లిదండ్రులతో వలసపోయి ఏ అంగన్‌వాడీ పట్టీలోను పేరు లేనిది. విచిత్రమేమనగా, చుక్కలు ఇచ్చుచున్నప్పుడు సైతము మందు అందకుండ పోవునది తరచు ఆ బిడ్డకే. కనుక "అందరికా, కొందరికా" యను వాదమునకు ముందు "ఆ కొందరికి అందినదా?" అని విచారించుట న్యాయము. ఎచ్చట ఆపవచ్చునో ఢిల్లీ అంకె చెప్పజాలదు. ఆయా జిల్లాల పిల్లల కన్నులు, రక్తము చెప్పవలెను.

చుక్కలు అప్పు వంటివి, ఆరునెలలకు తీరిపోవును. తిండి ఆదాయము. మునగాకు, తోటకూర, పాలకూర, గోంగూర, పండిన బొప్పాయి, మామిడి, ఎర్రగుమ్మడి—వీనిలోని కెరోటిన్ శరీరములో 'ఏ' విటమినుగ మారును. అయితే దానితో ఒక చెంచా నూనెయో నేయియో కడుపులో పడవలెను. లేనిచో చాలభాగము ఒంటబట్టదు. గ్రుడ్డు, వెన్న తీయని పాలు, చేప, కాలేయము—వీనిలో విటమిను సిద్ధముగనే యుండును. పుట్టిన బిడ్డకు తల్లి ముర్రుపాలు దీని తొలినిధి; దానిని పిండి పారబోయుట పాపము. ఇవి మనకు తెలియనివి కావు. కాని మునగచెట్టు పెరటిలో నున్నను, దాని ఆకు మూడేండ్ల బిడ్డ ముద్దలోనికి మెత్తగ నలిగి, నూనెతో కలిసి చేరుట వేరొక పని. ఇంటిపాలు కేంద్రమునకు పోవుచు ఇంటి బిడ్డ గ్లాసులో నల్లని టీ మిగులుచున్నచో, మన ఊరు ఆనాటి డెన్మార్కే.

అప్పు తీర్చివేయుడని చెప్పు పెద్దలు ఆదాయము మాట ముందు చెప్పవలెను. ఆ రెండవది చేతికి వచ్చువరకు మొదటిది గుంజుకొనుట ఎవరి పక్షమునను ధర్మము కాదు.

ఇంత శాస్త్రమును ఒక తల్లిని అడిగిన ప్రశ్నతో మొదలైనదని మరువరాదు. జావా పల్లెలో ఆమె చెప్పిన మాటను నమ్మి వ్రాసికొనిరి గనుకనే ఆ లెక్కలనుండి ఇంత సత్యము బయటపడినది. మన ఊళ్లలోని అంగన్‌వాడీ టీచరుకు, ఆశా కార్యకర్తకు, ఇంటనున్న ముసలమ్మకు ఆ ప్రశ్న నేటికిని పనికివచ్చును. దానికి ఖర్చు లేదు, యంత్రము అక్కరలేదు. దీపము వెలిగించుటకు ముందు ఒక్క నిమిషము ఆగి చూడవలెను. బిడ్డ పిలిచినంతనే పరుగెత్తుకొని వచ్చుచున్నాడా, లేక గోడ పట్టుకొని వచ్చుచున్నాడా?